ఫసలీయా, హిజ్రీయా?

మా విద్యార్థి యొకడు తన తాతగారు భూమి కొన్నప్పటి ఉర్దూ కాగితమును మా వద్దకు తెచ్చినాడు. అందులోని సంవత్సరము 1352. తెలుగులోనికి అనువదించినవారు దానిని హిజ్రీగా గ్రహించి 1933 అని వ్రాసినారు. ఆనాటికి అమ్మినవాడు పదేండ్ల బాలుడు. కావున పత్రమే కల్పితమని ఎదుటిపక్షము వాదము.

శకము పేరు లేని అంకె కాలమును తెలుపజాలదు. మన 'ప్రభవ' కూడ అట్టిదే: 1927లో వచ్చినది, 1987లోను వచ్చినది.

హిజ్రీ శకము ప్రవక్తగారు మక్కా నుండి మదీనాకు తరలిన క్రీ.శ. 622తో ఆరంభము. సంవత్సరమునకు 354 లేక 355 దినములు. తెలుగు పంచాంగము అధికమాసమును చేర్చి చాంద్రమానమును ఋతువులతో సరిపెట్టును. హిజ్రీలో ఆ సవరణ లేదు. అందుచేత రంజాను అన్ని ఋతువులలోను సంచరించును. ఉపవాసమునకు ఇది మేలే. ఒక ప్రాంతమువారికి ఎల్లకాలము మండుటెండలే రావు గదా!

రైతుకు మాత్రము చిక్కు. సూర్యుని లెక్కన 32 ఏండ్లు గడచుసరికి చంద్రుని లెక్కన సుమారు 33 ఏండ్లగును. పంటలు 32, శిస్తులు 33! ఈ అన్యాయమును తొలగించుటకే అక్బరు కాలమున ఫసలీ లెక్క ఏర్పడినది. ఫసల్ అనగా పంట. దక్కనులో షాజహాను కాలమున ప్రవేశపెట్టినప్పుడు, నాడు నడచుచున్న హిజ్రీ అంకెనే గ్రహించి, ఆపై సూర్యుని ననుసరించి లెక్కించిరి. ఒకే అంకెతో బయలుదేరిన రెండు లెక్కలు క్రమముగా ఎడమై, నిజాం పాలన చివరి దశాబ్దములకు తొమ్మిది పదేండ్ల దూరము వచ్చినది. హైదరాబాదు రాజ్యములో 1352 ఫసలీ 1942 అక్టోబరున ఆరంభమైనది; 1352 హిజ్రీ 1933 ఏప్రిలులోనే ఆరంభమైనది.

ఉర్దూ పత్రములలో అంకె చివర ఫసలీకి 'ఫే', హిజ్రీకి 'హే' అను చిన్న అక్షరము వ్రాయుట వాడుక. ఈ కాగితమున ఆ అంచును చెదలు తినివేసినవి. అయితే నెల పేరు మిగిలినది: ఖుర్దాద్. హిజ్రీ నెలలు ముహర్రం, సఫర్, రజబ్ ఇత్యాదులు. ఆజుర్, దై, బహ్మన్, ఖుర్దాద్ మొదలగు పారశీక నామములు హైదరాబాదు ఫసలీవి. ఆ క్రమమున ఖుర్దాద్ 1352 అనగా 1943 ఏప్రిలు. అమ్మినవానికి అప్పటికి ఇరువది ఏండ్లు.

ఇంకొక జాగ్రత్త. మద్రాసు రాజధానిలో నుండిన జిల్లాల రెవెన్యూ లెక్కలలో ఫసలీ జూలై 1న మారును. అచ్చటి కాగితమునకు ఆజుర్, ఖుర్దాద్‌ల లెక్క పనికిరాదు.