మీ పక్కింట్లో ఎవరుంటారు?



పోయిన నెల మీ పిల్లల వర్క్‌షీట్‌లో ఒక ప్రశ్న చూసే ఉంటారు. 'మీ ఇరుగుపొరుగులో ఐదుగురి గురించి రాయండి. వాళ్లు మీకు ఎలా సాయపడతారు?' ఇది ఐదో తరగతి పాఠం. నైబర్‌హుడ్, కమ్యూనిటీ అనే రెండు ఇంగ్లిష్ మాటలు నేర్పడం నా పని. పేపర్లు దిద్దుతుంటే పేజీ తర్వాత పేజీలో ఒకటే వరస: పోస్ట్‌మ్యాన్, డాక్టర్, పోలీస్, ప్లంబర్, డ్రైవర్. గైడ్‌లో ఎట్లా ఉందో అట్లాగే దించేశారు. "పోస్ట్‌మ్యాన్ మీ ఇంటికి ఎప్పుడొచ్చాడు నాన్నా?" అని ఒక బాబును అడిగితే నవ్వాడు. "మరి మీ ఇంటి పక్కన ఎవరుంటారు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఒక అంకుల్ ఉంటాడు మేడం, ఆయనకు బుల్లెట్ బండి ఉంది" అన్నాడు. పేరు తెలియదు. ఆ ఇంట్లో వాళ్లు ఉంటున్నది రెండేళ్లుగా.

ఒక పాప మాత్రం వేరేగా రాసింది. పక్కింటి పెదనాయిన పడుగు అతుకుతాడు, ఎదురింటి అవ్వ కండెలు చుడుతుంది, గేరి చివరి అన్న రంగులద్దిన నూలు తెస్తాడు అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో పేజీ నింపింది. నిజం చెప్పాలంటే, జవాబుల పట్టికలో లేదని నేను మొదట ఎర్ర పెన్ను పెట్టబోయాను. తర్వాత ఆగాను. ప్రశ్నకు నిజంగా జవాబు రాసింది ఆ పాప ఒక్కతే.

గద్వాల చీర మీ అందరి ఇళ్లలో ఒకటైనా ఉంటుంది. బాడీ నూలుది, అంచులూ కొంగూ పట్టువి. రెండు రకాల దారాన్ని ఒకే చీరలో అతుకు తెలియకుండా కలపడమే దాని గొప్ప. అంచుకొక నాడె, బాడీకొక నాడె, అవతలి అంచుకు ఇంకొకటి. అంచూ బాడీ కలిసే చోట పేక దారాలు ఒకదాన్నొకటి పట్టుకునేలా నేయాలి. మగ్గం గుంటలో కూర్చునేది ఒకరిద్దరే కానీ, వాళ్లు కూర్చోవడానికి ముందు జరిగే పని చాలా పెద్దది. రంగులద్దేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, పడుగు అతికేవాళ్లు, కండెలు చుట్టే ముసలివాళ్లు. వీళ్లలో ఎక్కువమంది ఆ గేరిలోనే దొరుకుతారు. ఒక ఇంట్లో పని ఆగితే ఆ సెగ పక్క రెండిళ్లకూ తగులుతుంది. అందుకే నేత కుటుంబాలు ఒక్కచోటే ఉంటాయి. చీర మీద ఒక ఊరి పేరుందంటే, దాని వెనక ఒక గేరి ఉందని అర్థం. నేను క్లాసులో నైబర్‌హుడ్ అనే మాటను ఇట్లాగే చెప్పాను: ఇళ్లు పక్కపక్కన ఉన్న చోటు కాదు, ఒక ఇంటి పని ఇంకో ఇంటి మీద ఆధారపడి ఉండే చోటు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. మాది కొల్లాపూర్ వైపు చిన్న ఊరు. నేను ప్రైమరీ బడిలో ఉన్నప్పుడు అమ్మా నాన్నా దసరా తర్వాత గుంపు మేస్త్రీ వెంట పుణెకు కట్టుబడి పనికి పోయేవాళ్లు. మళ్లీ వచ్చేది ఉగాదికి. పాలమూరు కూలీలు నాగార్జునసాగర్ కట్టారని పుస్తకాల్లో చదివే ముందే నాకు పాలమూరు కూలీలంటే ఎవరో తెలుసు. నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. అవ్వకు చూపు సరిగా ఆనేది కాదు. పక్కింటామె నాకు జడ వేసి బడికి పంపేది. ఆమెది వేరే కులం, నాకు మాత్రం అత్త. బడికి పోకుండా గట్టు మీద కూర్చుంటే కిరాణా కొట్టాయన, "ఏమే, మీ నాయినకు ఫోన్ చేయమంటవా?" అని అరిచేవాడు. మూడు నెలల ప్రోగ్రెస్ కార్డు మీద అత్తే వేలిముద్ర వేసింది. మా సారు ఏమీ అనలేదు. ఈ రోజు నేను బీఈడీ చదివి మీ పిల్లలకు పాఠం చెబుతున్నానంటే అందులో ఆ వేలిముద్ర కూడా ఉంది.

అట్లాగని పల్లెను పొగడడం నా ఉద్దేశం కాదు. ఏ గేరిలో పుట్టావో దాన్ని బట్టే బోరింగ్ ఎంత దూరం, గుడి లోపలికా బయటా అనేవి తేలిపోయేవి. ఇరుగుపొరుగు మనిషిని పైకి తీసుకురాగలదు, అక్కడే కట్టేయనూగలదు.

అది చెదిరిపోతే ఏమవుతుందో మన ప్రాంతానికి బాగా తెలుసు. శ్రీశైలం జలాశయం కోసం 1981లో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి, దాదాపు లక్ష మంది కదిలిపోయారు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టారు. ఈసారి ఆలంపూర్ పోతే పిల్లలకు చూపించండి. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో లెక్క రాసుకుని పేర్చారు. ఊళ్ల విషయంలో ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు. పరిహారం చేతికొచ్చాక ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడికి పోయారు. మా ఊళ్లో అట్లా వచ్చి స్థిరపడ్డ ఒక తాత ఉండేవాడు. ఇల్లు పోయిందని ఆయన ఎప్పుడూ అనలేదు. "మా గేరోళ్లు ఏడ ఉన్నరో" అనేవాడు.

2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ తర్వాత కొత్త కాలనీలు వచ్చాయి. మీలో చాలామంది పిల్లల చదువు కోసమే ఊరు వదిలి వచ్చి కిరాయి పోర్షన్లలో ఉంటున్నారు. మంచి నిర్ణయమా అని పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను అడిగిన వాళ్లున్నారు. దీని మీద అమెరికాలో ఒక పెద్ద పరిశీలన జరిగింది. 1994 నుంచి 1998 దాకా ఐదు నగరాల్లో సుమారు 4,600 పేద కుటుంబాలను లాటరీ పద్ధతిలో ఎంచి, కొందరికి మెరుగైన పేటల్లో అద్దెకు ఉండేలా సాయం చేశారు. మన దేశంలో పుట్టిన ఆర్థికవేత్త రాజ్ చెట్టి, మరో ఇద్దరు ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూసి 2016లో ప్రచురించారు. 13 ఏళ్లలోపు అట్లా మారిన పిల్లలు ఇరవైల మధ్యకు వచ్చేసరికి మిగతావాళ్ల కంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. 13 దాటాక మారినవాళ్లకు ఆ లాభం కనిపించలేదు. అంటే ఆ చోట గడిపిన ఏళ్లే పని చేశాయి.

చెట్టి బృందమే 2022లో కోట్లాది మంది ఫేస్‌బుక్ స్నేహాలను లెక్కగట్టి ఇంకో మాట చెప్పింది. పేదింటి పిల్లలకు కలిగినవాళ్లతో స్నేహాలు ఎక్కువగా ఉన్న చోట, ఆ పిల్లలు పెద్దయ్యాక పైకి వచ్చే అవకాశం కూడా ఎక్కువ. మన సంగతికి ఇదే ముఖ్యమని నాకు అనిపిస్తుంది. కాలనీకి మారితే సరిపోదు, అక్కడి మనుషులతో కలవాలి.

ఇక్కడ మా వైపు నుంచి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. మీ బాబు పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే స్టడీ అవర్ అయ్యాక దిగేది చీకటి పడేటప్పుడే. ఆదివారం ఫోన్. గేరికి వాడు తెలియడు, వాడికి గేరి తెలియదు. వాడు ఒకరోజు బస్సు దిగకపోతే అడిగే కిరాణా ఆయన ఉన్నాడా? మీరే ఆలోచించండి. నేనైతే ఈ నెల ఐదో తరగతికి ఆదివారం రాత హోంవర్క్ తీసేశాను.

దాని బదులు ఒక పని. వచ్చే ఆదివారం సాయంత్రం మీరు, పిల్లలు కలిసి మీ గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. చార్ట్ మీద ప్రతి ఇల్లూ గీయించండి. ఇంటివాళ్ల పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం పని చేస్తారు, మీ పిల్లలు వాళ్లను ఏ వరసతో పిలవాలి, ఇవి నాలుగూ రాయాలి. మీకంటే బాగా వేరైన పని చేసే ఒక ఇంటికి లోపలికి వెళ్లి కాసేపు కూర్చోండి. గూగుల్ వద్దు, గైడ్ వద్దు. ఇంగ్లిష్ తప్పులు నేను దిద్దుతాను.

బుల్లెట్ బండి బాబు అప్పుడే తెచ్చేశాడు. ఆ అంకుల్ కరెంటు లైన్‌మ్యాన్ అట, బాబు వాళ్ల అమ్మమ్మదీ ఆయనదీ ఒకటే ఊరట. "ఆయన్ని మామ అనాలంట మేడం" అన్నాడు. మిగతావాళ్లు చార్ట్‌లు పేరెంట్స్ మీటింగ్ రోజు తీసుకురండి.