స్పీకర్లు రిటర్న్ పెట్టే ముందు కుర్చీ జరిపి చూడండి

ఏడాది పాటు కూడబెట్టిన డబ్బుతో ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, చిన్న యాంప్లిఫయర్ కొన్నా. మొత్తం 28 వేలు. రాగానే ‘గీతాంజలి’ పాటలు పెట్టా. ఇళయరాజా పాటంటే నా చెవి ముందు వెతికేది బేస్ గిటార్‌నే. అదే లేదు! పైగా గొంతు మధ్యలో కాకుండా కుడి పక్కకి ఒరిగిపోయింది. వారం ఓపిక పట్టి, రిటర్న్ గడువు ఇంకా మూడు రోజులుందనగా ఫోన్ చేతిలోకి తీసుకున్నా.

అప్పుడే మంచినీళ్లకని లేచి, వెనక గోడకున్న తలుపు దాకా వెళ్లా. అక్కడ బేస్ బ్రహ్మాండంగా వినిపిస్తోంది. అంటే తేడా స్పీకర్లలో లేదు, నేను కూర్చున్న చోటులో ఉంది.

నాది 10×12 అడుగుల అద్దె గది. సోఫా సరిగ్గా మధ్యలో వేశా. లెక్క చూడండి: 12 అడుగులంటే 3.66 మీటర్లు. ధ్వని వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో, అంటే 7.32తో భాగిస్తే దాదాపు 47. ఈ 47 హెర్ట్జ్ ధ్వని ఆ రెండు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ గోడల దగ్గర బలంగా, నడిమధ్యలో దాదాపు ఏమీ లేనట్టుగా తయారవుతుంది. మామూలు బేస్ గిటార్ అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. అంటే దాని కింది స్వరాల్లో కొన్ని సరిగ్గా నా సోఫా దగ్గరే మాయమవుతున్నాయన్నమాట.

మీరూ ట్రై చేయండి. మీ గదికి ఇదే లెక్క వేసి, ఆ నంబర్‌ని టోన్ జనరేటర్ యాప్‌లో పెట్టి స్పీకర్లలో ప్లే చేస్తూ మధ్య నుంచి గోడ వైపు నడవండి. వాల్యూమ్ మాత్రం తక్కువే ఉంచండి, చిన్న వూఫర్లు పాపం తట్టుకోలేవు.

సోఫా తీసేసి, కుర్చీని వెనక గోడకి నాలుగున్నర అడుగుల దూరంలో వేశా. గది పొడవులో 38 శాతం దగ్గర మొదలుపెట్టమని చాలామంది చెప్పే లెక్క ఇదే. అది చట్టమేమీ కాదు, అటూ ఇటూ జరిపి చూసుకోవాల్సిందే. స్పీకర్లని ముందు గోడకి 3 అడుగులు, పక్క గోడలకి రెండున్నర అడుగుల ఎడంగా పెట్టా. రెండింటి మధ్య 5 అడుగులు, నా చెవికి కూడా ఇంచుమించు అంతే. ట్వీటర్లు చెవి ఎత్తులో ఉన్నాయి. ఇదివరకు కుడి స్పీకర్ నాకు అడుగున్నర దగ్గరగా, మూలకి ఆనుకుని ఉండేది. గొంతు అటు ఒరగకుండా ఎలా ఉంటుంది!

ఇక ట్రీట్‌మెంట్. ఒక అంగుళం ఫోమ్ ముక్కలు నేనూ కొని అంటించా, వేస్ట్. 50 హెర్ట్జ్ తరంగం పొడవు 22 అడుగుల పైనే, దాన్ని అంగుళం ఫోమ్ ఏం ఆపుతుంది? అది పై శబ్దాలనే మింగుతుంది. గది మొద్దుబారుతుంది, కింద గుంయ్‌మనే మోత అలాగే ఉంటుంది. కోడిగుడ్ల అట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అద్దెల్లు కాబట్టి మేకులు కొట్టే ఛాన్స్ లేదు. కుర్చీలో కూర్చుని, తమ్ముణ్ణి పక్క గోడ మీద అద్దం జరపమన్నా. స్పీకర్ ఎక్కడ కనబడితే అక్కడి నుంచే మొదటి ప్రతిధ్వని వస్తుంది. ఒక పక్క ఆ చోట పుస్తకాల ర్యాక్, రెండో పక్క మడతలు పెట్టిన మందపాటి బొంత. టైల్స్ మీద జంపఖానా. చప్పట్లు కొడితే ఇదివరకు వినిపించే ఆ ‘ట్రింగ్’ బాగా తగ్గింది. ముందు మూలల్లో రెండు పాత దూది పరుపులు చుట్టి నిలబెట్టా. వాటితో బేస్ మోత కొంచెమే తగ్గింది. అమ్మ చూసి “ఇది గదా, గోడౌనా?” అంది.

ఒక్క మాట. ఇవన్నీ గదిలో శబ్దాన్ని సరిచేస్తాయి గానీ బయటికి పోకుండా ఆపవు. రాత్రి పదకొండు దాటితే పై ఇంటి అంకుల్ ఇప్పటికీ నేల మీద కర్రతో తడుతూనే ఉన్నారు. ఆ టైమ్‌లో మళ్లీ హెడ్‌ఫోన్సే.