పాఠం 14: నిద్ర పట్టని మెదడుకు మందు లేని శిక్షణ

ఈ పాఠం చదివిన తరువాత నిద్రలేమి ఎందుకు పాతుకుపోతుందో మీరు వివరించగలుగుతారు. మీ నిద్రను లెక్కకట్టి, పక్క ఎక్కవలసిన వేళను నిర్ణయించగలుగుతారు.

14.1 నిద్రలేమి ఎందుకు వదలదు?

ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలపాటు నిద్ర కరువై, పగటి పనులు కుంటుపడితే దానిని దీర్ఘకాల నిద్రలేమి అంటారు.

మొదటి కారణం ఏదైనా కావచ్చు: అప్పు, ఇంట్లో జబ్బు, అమ్మాయి పెళ్లి. పెళ్లి అయిపోతుంది, అప్పూ తీరుతుంది. నిద్ర మాత్రం తిరిగి రాదు. ఎందుకు? పోయిన నిద్రను రాబట్టుకోవాలని మనం తొమ్మిదింటికే పక్క ఎక్కుతాం, మధ్యాహ్నం నడుం వాలుస్తాం. రాత్రంతా దొర్లుతాం. వారాలు గడిచేసరికి పక్క అంటే మేలుకొని ఉండే చోటని మెదడు నేర్చుకుంటుంది. అరుగు మీద కూర్చుని జోగుతూ, మంచం ఎక్కగానే తెలివి వచ్చేవారిని మీరు చూసే ఉంటారు. అది మీరే కావచ్చు కూడా. ఇది నేర్చుకున్న అలవాటు కనుక మాన్పించవచ్చు.

14.2 పక్కను నిద్రకే ఉంచడం

ఈ పద్ధతిని 1972లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ వివరించారు. కళ్లు మూతలు పడుతున్నప్పుడే పక్క ఎక్కండి. సుమారు 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేవండి. గడియారం చూడవద్దు, మీ అంచనా చాలు. మసక వెలుతురులో కూర్చుని బియ్యం ఏరుకోండి, పాత పత్రిక తిరగెయ్యండి. సెల్‌ఫోను ముట్టవద్దు. నిద్ర ముంచుకువస్తే మళ్లీ పడుకోండి. ఐదుసార్లు లేవవలసివచ్చినా సరే. ఉదయం మాత్రం రోజూ ఒకే వేళకు లేవాలి.

ఒకే గది ఇల్లయితే? చాప మీద నుంచి లేచి గుమ్మం దగ్గర కూర్చున్నా సరిపోతుంది.

14.3 గంటలు తగ్గించి నిద్ర పెంచడం

1987లో ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు ప్రకటించిన ఈ పద్ధతి మొదట వింతగా తోస్తుంది. మేలుకొని ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్రమత్తు పెరుగుతుంది. పగటి కునుకు దానిని ఖర్చు చేసేస్తుంది. కాఫీ, టీలలోని కెఫీన్ దాని పనికి అడ్డుపడుతుంది. భోజనం తరువాత కునుకంటే మనకు ఎంత ఇష్టమైనా, ముందుగా వదలవలసింది అదే.

ఇప్పుడు లెక్క చూడండి. కుట్టుపని చేసే ఒకామె రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు పక్క మీద ఉంటుంది. వారం రోజులు నోటుపుస్తకంలో రాసుకుంటే నిజమైన నిద్ర సగటున ఐదున్నర గంటలే అని తేలింది.

5.5 ÷ 9 × 100 = 61 శాతం

కనుక ఆమె పక్క మీద గడపవలసినది ఐదున్నర గంటలే. ఉదయం 5.30కి లేవాలంటే రాత్రి 12కు పడుకోవాలి. ఈ శాతం 85 దాటిన ప్రతి వారం తరువాత 15 నిమిషాలు ముందుగా పడుకోవచ్చు. ఎవరైనా సరే, ఐదు గంటలకంటే తగ్గించకూడదు.

మొదటి రెండు వారాలు పగలు మత్తుగా ఉంటుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. మొత్తం శిక్షణకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

14.4 జాగ్రత్తలు

లారీ, ఆటో నడిపేవారు, యంత్రాల మీద పనిచేసేవారు, మూర్ఛ లేదా బైపోలార్ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా గంటలు తగ్గించరాదు. నిద్రమాత్రలు వాడుతుంటే ఒక్కసారిగా ఆపవద్దు. గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే అది వేరే జబ్బు, పరీక్ష చేయించుకోవాలి.

పై పద్ధతులకు ఆలోచనలను సరిదిద్దే అభ్యాసాన్ని కలిపిన చికిత్సనే సి.బి.టి.-ఐ అంటారు. పెద్దవారి దీర్ఘకాల నిద్రలేమికి మొదట దీనినే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. తలకు తీగలు తగిలించి మెదడు తరంగాలను సరిచేస్తామనే న్యూరోఫీడ్‌బ్యాక్ సంగతి వేరు. 2017లో వెలువడిన ఆస్ట్రియా పరిశోధనలో అసలు శిక్షణ ఉత్తుత్తి శిక్షణను మించలేదు. దానికి డబ్బు పోసే ముందు నోటుపుస్తకంతో మొదలుపెట్టండి.

పాఠగత ప్రశ్నలు

1. ఒకరు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పక్క మీద ఉండి 6 గంటలు నిద్రపోతున్నారు. శాతం ఎంత? ఉదయం 5.30కి లేవాలంటే ఎప్పుడు పడుకోవాలి?

2. అప్పు తీరినా నిద్ర ఎందుకు తిరిగి రాదు? మీ మాటల్లో రాయండి.

(1వ ప్రశ్నకు జవాబు: 75 శాతం, రాత్రి 11.30)