పొరల అయస్కాంతాల్లో కొలువుందా?

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన బిల్లెట్‌కు అయస్కాంతం అంటుకోదు. ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపలి అయస్కాంత వరుస చెదిరిపోతుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లకు తెలిసిన క్యూరీ ఉష్ణోగ్రతే ఇది.

అదే ఇనుమును జెర్మేనియం, టెల్లూరియంతో కలిపి పొరలుగా పెంచితే కథ మారుతుంది. మూడు పాళ్ల ఇనుమున్న స్ఫటికంలో ఆ వరుస మైనస్ 50 డిగ్రీల దగ్గరే చెదురుతుంది. పొరల మధ్య ఉన్నది బలహీనమైన వాండర్ వాల్స్ బంధమే కాబట్టి సెలోటేపుతో ఒలిచేయొచ్చు. 2017లో క్రోమియం అయోడైడ్ ఒక్క పొర కూడా అయస్కాంతమేనని తేలింది, కాకపోతే మైనస్ 228 డిగ్రీల చలిలో. గది వేడిలో పనిచేయించాలంటే? డోపింగ్ ఒక దారి. ఐదు పాళ్ల ఇనుమున్న రకంలో కొంత ఇనుము బదులు కోబాల్ట్ వేస్తే క్యూరీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. కోబాల్ట్ సగానికి చేరువైతే పక్కపక్క పొరల అయస్కాంత దిశలు ఒకదానికొకటి వ్యతిరేకంగా తిరిగి, బయటికి అయస్కాంతమే కనిపించకుండా పోతుంది. ఎంత వేస్తే ఏమవుతుందో తేల్చడమే ఇక్కడ పరిశోధన.

పొరల అయస్కాంతాల పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు. అమ్ముడయ్యేది చేతిపని: పాళ్లు తూయడం, క్వార్ట్జ్ గొట్టాన్ని శూన్యంలో మూసి ఫర్నేసులో వారం పైగా ఉంచడం, అయస్కాంత వక్రరేఖ చదవడం. విశాఖ శివారు అచ్యుతాపురంలో బార్క్ ఆవరణలోని ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ప్లాంటు (2023 మేలో జాతికి అంకితమైంది) సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు చేస్తుంది; సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. అది వేరే పదార్థం, కానీ కొలతల భాష ఇదే. హైదరాబాద్‌లో డీఎంఆర్ఎల్, ఏఆర్‌సీఐ వంటి పదార్థ పరిశోధన సంస్థలూ ఉన్నాయి.

ఈ పరిశోధనలోకి రావాలంటే బీఎస్సీ వాళ్లు జామ్, ఎమ్మెస్సీ వాళ్లు గేట్, సీఎస్ఐఆర్ నెట్ రాయాలి. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టొచ్చు. ఇంట్లో వెంటనే జీతం కావాలంటే ఈ దారి వద్దంటాను. మెటలర్జీ ఎంటెక్ మేలు.

గైడ్ పేరు చూసి చేరిపోకండి. ల్యాబ్‌లో ఫర్నేసు ఉందా, నమూనాలను చల్లబరిచే హీలియం దొరుకుతుందా, లేకపోతే కొలతలకు ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ కేంద్రానికి విద్యార్థులను పంపుతారా అని అక్కడి సీనియర్లనే అడగండి.