పుబ్బ పక్కన రెండు మసకలు

మొదలుపెట్టిన పని నాలుగు రోజులకే ఆగిపోతే ‘పుబ్బలో పుట్టి మఖలో మాడిపోయింది’ అంటాం. ఆ పుబ్బా మఖా రెండూ ఉండేది సింహరాశిలోనే. ఉగాది ముందటి అమావాస్యకు ఒక టెలిస్కోపు పట్టుకుని ఊరి దీపాలకు దూరంగా వెళ్లండి. రాత్రి పదకొండు ప్రాంతంలో ఆ రాశి మన నడినెత్తిన ఉంటుంది. పుబ్బలోని రెండు చుక్కల్లో మసకదానికి కాస్త ఆగ్నేయంగా వెతకండి. ఎం65, ఎం66 అనే సర్పిలాకార గెలాక్సీలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఎడం నిండు చందమామ వెడల్పు కూడా ఉండదు.

మొదటి చూపుకు ఏమీ కనబడదు. నాకూ కనబడలేదు. ఫోన్ తెర చూసిన కంటికి అవి దొరకవు. ఫోన్ జేబులో పెట్టి అరగంట చీకట్లో కూర్చోండి. తర్వాత సూటిగా కాదు, క్రీగంట చూడండి. మసక వెలుగును పట్టే కణాలు కంటి నడిమధ్య ఉండవు, చుట్టూ ఉంటాయి. నేను చూపు పక్కకు జరపగానే అద్దం మీద ఊపిరి తగిలినట్టు రెండు బూడిదరంగు మరకలు తేలాయి. సూటిగా చూస్తే మాయం. పక్కకు చూస్తే మళ్లీ ప్రత్యక్షం. ఆ వెలుగు బయల్దేరి సుమారు 3.5 కోట్ల ఏళ్లు!

1773 నవంబరులో ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు చార్లెస్ మెస్సియే ఒక తోకచుక్కను వెంబడిస్తున్నాడు. అది ఈ రెండింటి మధ్య నుంచే వెళ్లింది. అయినా ఇవి ఆయన కంటపడలేదు. తోకచుక్క వెలుగే అడ్డొచ్చి ఉంటుందని ఆయన తర్వాత రాసుకున్నాడు. 1780 మార్చిలో గానీ ఇవి ఎం65, ఎం66గా ఆయన మసక మరకల జాబితాకెక్కలేదు. మీ తోకచుక్క ఏదో ఒక్కసారి ఆలోచించండి. ప్రమోషన్ వెంట పడ్డప్పుడు ఇంట్లోవాళ్ల అలసట కనబడదు. ర్యాంకు వెంట పడ్డప్పుడు పిల్లాడికి బొమ్మలంటే ఉన్న ఇష్టం కనబడదు. వారానికి ఒక్క సాయంత్రమైనా ఆ వెలుగు ఆర్పేసి కూర్చోండి.

ఆ గెలాక్సీలను ఫొటో తీస్తారా? ఒక్క గొప్ప ఫొటో కోసం చూడకండి. ఆకాశంతో పాటు తిరిగే మౌంట్ మీద కెమెరా బిగించి 30 సెకన్లవి 100 తీసి కలపండి. నాయిస్, అంటే ఫొటోలోని గరుకు, పదోవంతుకు తగ్గుతుంది. విడిగా తెరిస్తే ఒక్కోదాంట్లో గరుకు తప్ప ఏమీ ఉన్నట్టు అనిపించదు. అందుకే చాలామంది పదో ఫొటోకే సామాను సర్దేస్తారు. మీరు సర్దకండి. నాకు 40 కాగానే మబ్బు పట్టింది. మర్నాటి రాత్రి వెళ్లి మిగతా 60 తీశాను. రెండు రాత్రులవీ కలిపాక ఎం66 వంకర చెయ్యి, ఎం65 అంచున ధూళి గీత తెర మీద మొదటిసారి కనబడ్డాయి.