కారు ట్యాంకు ఎందుకు నిండదు? - ఒక పరిశీలన

కార్యాన్ని చూచి కారణాన్ని వెదకడం శాస్త్రదృష్టికి తొలిమెట్టు. ఈ మాటను తరగతిగదిలో పలుమార్లు చెప్పినవారమే అయినా, దాని విలువ మాకు ఒక పెట్రోలు బంకు వద్ద బోధపడింది. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి మోటారు విద్యతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకోవచ్చు. ఈ వ్యాసంలో యంత్రాన్ని గురించి ఎంత ఉన్నదో, తొందరపాటు తీర్పును గురించీ అంతే ఉన్నది.

ఒక వేసవిలో, ఉర్దూ శాఖలోని మా సహాధ్యాపకుల కారులో అనంతసాగరంలో జరిగే ఒక పెండ్లికి బయలుదేరాము. దారిలో ఒక బంకు వద్ద ట్యాంకు నింపమన్నాము. నాలుగు లీటర్లు పడగానే నాజిల్ టక్కుమని ఆగింది. మళ్ళీ నొక్కితే అరలీటరు పడి మళ్ళీ ఆగింది. మూడోసారి పెట్రోలు మూతిలోనుండి ఎగదన్ని, పోస్తున్న కుర్రవాని చొక్కా మీద పడింది. "నేనేం చేయలా సార్, దానంతట అదే ఆగిపోతా ఉంది" అన్నాడతడు. మేము వినలేదు. ఆపి ఆపి పోయడం కొలతలో మోసం చేయడానికేనని పదిమంది ముందు అన్నాము. బంకు యజమాని వచ్చి, ఒలికిన పెట్రోలు ఖరీదు ఆ కుర్రవాని జీతంలో విరుస్తానన్నాడు. మేము మారుమాటాడక కారెక్కాము.

ఆ నాజిల్ ఎందుకు ఆగిందో ఇప్పుడు విచారిద్దాం.

నాజిల్‌కు ట్యాంకు నిండినదీ లేనిదీ తెలియదు. దానికి తెలిసినది ఒక్కటే: తన కొనవద్దనున్న చిన్న రంధ్రం తెరచి ఉన్నదా, మూసుకొన్నదా అని. ద్రవం ఇరుకైన దారిలో వేగంగా ప్రవహించినప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. ఈ విషయాన్ని డేనియల్ బెర్నూలీ 1738లో తన గ్రంథంలో చర్చించాడు. ఇరుకు గొట్టాలలోని ప్రవాహాన్ని గురించి ఇటలీ దేశస్థుడు వెంచూరి 1797లో ప్రకటించాడు. నాజిల్ లోపల పెట్రోలు ఇట్టి ఇరుకుదారిన పోతూ, ఒక సన్నని గొట్టం ద్వారా ఆ కొన రంధ్రంనుండి గాలిని పీల్చుకొంటుంది. గాలి అందుతున్నంతసేపు పోత సాగుతుంది. పెట్రోలు గాని, నురుగు గాని పైకి వచ్చి రంధ్రాన్ని కప్పితే గాలి అందదు. లోపలి పీడనం ఒక్కసారిగా పడిపోయి, పలుచని పొర ఒకటి కదలి, కొక్కెం జారి, కవాటం మూసుకొంటుంది. ఆ చప్పుడే మనం వినే "టక్కు". ఇందులో విద్యుత్తు లేదు, మనిషి చేయి లేదు.

మరి ఖాళీ ట్యాంకు ఉన్న కారులో పెట్రోలు మూతివరకు ఎందుకు వస్తుంది? సన్నమూతి కూజాను నీటిలో ముంచి చూడండి. బుడబుడమని గాలి బయటికి వస్తేనే నీరు లోపలికి పోతుంది. గాలికి దారి లేకపోతే నీటికీ దారి లేదు. నిమిషానికి ముప్ఫై లీటర్ల వేగంతో పోస్తే సెకనుకు అరలీటరు పెట్రోలు ట్యాంకులో దిగుతుంది. అంతే పరిమాణంలో గాలి, ఆవిరి ఆ సెకనులోనే బయటికి రావాలి. ఆ దారి ఇరుకైతే పెట్రోలు గొట్టంలోనే నిలిచి ఎగదన్నుతుంది.

కనుక తప్పును వరుసగా వెదకాలి. ఒక ప్రశ్నకు జవాబు దొరకిన తరువాతనే రెండవదానికి పోవాలి.

మొదటిది: ట్యాంకు నిజంగా నిండలేదా? ముల్లును మాత్రమే నమ్మరాదు. ముల్లును కదిలించే తేలుడుబిళ్ళ ఇరుక్కొంటే, నిండిన ట్యాంకు కూడా సగమే చూపుతుంది. ఎన్ని లీటర్లు పట్టాయో చూచి, కారు పుస్తకంలోని కొలతతో పోల్చుకోవాలి.

రెండవది: దోషం నాజిల్‌దా, కారుదా? అదే నాజిల్‌తో ఇతర వాహనాలు సాఫీగా నిండుతున్నవా? మన కారు వేరే బంకులోనూ ఇట్లే ఆగుతున్నదా? ఇతరులవి నిండి, మనది మాత్రం ప్రతిచోటా ఆగితే దోషం మనదే. ఈ రెండు ప్రశ్నలు ఆనాడు మేము వేసుకొని ఉంటే ఈ వ్యాసం వ్రాసే అవసరం కలిగేది కాదు.

మూడవది: పోసే తీరు. నాజిల్‌ను పూర్తిగా లోపలికి దింపి, కొంచెం పక్కకు తిప్పి, మెల్లగా పోయించి చూడాలి. మెల్లగా పోస్తే నిండి, వేగంగా పోస్తే ఆగితే, గాలిదారి పూర్తిగా మూసుకొనలేదు, ఇరుకైనదని అర్థం. డీజిలు నురుగు ఎక్కువగా కడుతుంది కాబట్టి దానికి ఈ నిదానం మరీ అవసరం.

నాలుగవది: గాలిదారి. ఇది మెకానిక్ చూడవలసినది. మూతిగొట్టం వెంబడి ఉండే గాలిగొట్టం మడతపడిందా? నేటి కార్లలో పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గుపొడి నింపిన డబ్బా ఒకటి పట్టి ఉంచుతుంది. గాలి ఆ డబ్బాగుండా పోయే ఏర్పాటు ఉన్న కార్లలో, దానికి పోయే గొట్టాన్ని మెకానిక్ తాత్కాలికంగా విడదీసి పోయించి చూస్తాడు. అప్పుడు సాఫీగా నిండితే దోషం డబ్బాలోనో, దాని అవతలి కవాటంలోనో ఉన్నది. అప్పటికీ నిండకపోతే దోషం ఇవతల, ట్యాంకు వైపున ఉన్నది. ఇది అనుభవజ్ఞుడు, నిప్పుకు దూరంగా చేయవలసిన పని. నోటితో గొట్టం ఊదడం, పీల్చడం ఎవ్వరూ చేయరాదు.

ఈ దారికి దుమ్ము ఒక్కటే శత్రువు కాదు. 2011లో అమెరికాలో మజ్దా సంస్థ వేలాది కార్లను వెనుకకు పిలిపించింది. ఆ ఆవిరిగొట్టంలో ఒక జాతి సాలెపురుగులు గూడు కట్టి గాలిని అడ్డగించడమే కారణం. 2014లో మళ్ళీ అదే పని చేయవలసి వచ్చింది. సాలెగూడు ఇంత పని చేయగలదంటే, మన ఊళ్ళలో మట్టిగూళ్ళు కట్టే కందిరీగలను చులకన చేయరాదు.

కొన్నిచోట్ల ఈ దోషాన్ని మనమే కొనితెచ్చుకొంటాం. నాజిల్ తానుగా ఆగిన తరువాత కూడా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని గొంతువరకు పోయిస్తాము. అట్లు పోసిన పెట్రోలు ఆవిరిగొట్టంలోకి పొంగి బొగ్గును తడుపుతుంది. తడిసిన బొగ్గు గుండా గాలి పోదు. నింపాలన్న ఆశే నిండకపోవడానికి కారణమవుతుంది. పైగా నలభై లీటర్ల పెట్రోలు పదిహేను డిగ్రీలు వేడెక్కితే అరలీటరుకు మించి వ్యాకోచిస్తుంది. మా నెల్లూరు ఎండలలో ఆ అరలీటరుకు చోటుండాలి. అనంతసాగరం వారికి సోమశిల జలాశయం దగ్గరిది. 78 టి.ఎం.సి.ల అంతటి జలాశయానికైనా వరద వచ్చే వేళ కొంత చోటు ఉంచుకోవలసిందే. 2021 నవంబరులో పెన్న పొంగును చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మా కారు సంగతి. వారం తరువాత ఆత్మకూరులో ఒక మెకానిక్ కారును పైకెత్తి, వెనుక చక్రం దగ్గర చేయి పెట్టి, నిమిషంలో చెప్పాడు. కొన్ని నెలల క్రితం అక్కడ సొట్ట తీయించినప్పుడు గాలిగొట్టం మడతపడి, రేకు కింద నలిగిపోయింది. మూరెడు గొట్టం మార్చేసరికి ట్యాంకు ఆగకుండా నిండింది.

మా సహాధ్యాపకులు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పదండి సాహెబ్, ఆ అబ్బాయి దగ్గరికి పోవాలి" అన్నారు. వెళ్ళాము. యజమాని ఎదుట మా పొరపాటును చెప్పి, విరిచిన డబ్బు మేమే చెల్లించాము. పదిమంది ముందు అన్న మాటను మాత్రం ఆ పదిమందినీ వెదకి వెనుకకు తీసుకోలేకపోయాము. ఆ కుర్రవాడు సిగ్గుపడి, "పర్లేదు సార్, ఇప్పుడు నిండతా ఉందా?" అని అడిగాడు.

విద్యార్థులారా, యంత్రం చెడినప్పుడు దగ్గరనున్న మనిషి మొదట కనిపిస్తాడు, దూరాననున్న కారణం చివరకు గాని కనిపించదు. మనిషిని అనడానికి ముందు, "ఇతరులవి నిండుతున్నవా? మనది వేరేచోట నిండుతున్నదా?" అని ఒక్కసారి అడుగుకోండి. ఆ ప్రశ్నలకు ఖర్చు లేదు. అవి అడగకపోవడానికి మాత్రం ఎవరో ఒకరు మూల్యం చెల్లించవలసి వస్తుంది.