ఒకనాటి విజయము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ మిక్కిలి ప్రజాదరణ గల ఆట. జట్టునకు తొమ్మండుగురు ఆటగాండ్రు. ఒక జట్టువాడు బంతిని విసరును. ఎదిరి జట్టువాడు గుండ్రని బ్యాటుతో దానిని కొట్టి, మూడు స్థానములను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి తిరిగి చేరినచో ఒక పరుగు లభించును. బంతి మైదానపు గోడను దాటిపోవునట్లు కొట్టిన దెబ్బను హోమ్ రన్ అందురు. ముగ్గురు ఔటైనంతనే రెండవ జట్టునకు వంతు వచ్చును. ఇట్టి వంతులు చెరి తొమ్మిది. క్రికెట్టులో వలె ఇందు పరుగులు నూర్ల కొలది రావు. ఒక ఆటలో ఒక జట్టు సామాన్యముగా నాలుగైదు పరుగులు చేయును.

1950వ సంవత్సరము జూన్ 8వ తేదీన బోస్టన్ నగరమందలి ఫెన్వే పార్కులో రెండు జట్లు తలపడినవి. ఒకటి ఆ నగరపు రెడ్‌సాక్స్. రెండవది సెయింట్ లూయీ నగరపు బ్రౌన్స్. రెండును ఆటయే జీవనోపాధిగా గలవారి జట్లే. బ్రౌన్స్ చిరకాలముగా ఓటములకు అలవాటుపడిన జట్టు. ఆటగాండ్ర మనస్సులలోని అపజయభీతిని పోగొట్టుటకై ఆ యేడు యజమానులు ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుని సైతము నియమించియుండిరి. కాని ముందునాడే రెడ్‌సాక్స్ వారిని 20-4 పరుగులతో ఓడించెను.

నాటి ఆట అంతకు మించినది. బాబీ డోయర్ మూడు హోమ్ రన్లు కొట్టి, తన దెబ్బలచే జట్టునకు 8 పరుగులు సమకూర్చెను. వాల్ట్ డ్రోపో, టెడ్ విలియమ్స్ చెరి రెండు హోమ్ రన్లు కొట్టిరి. పూర్వము బ్రౌన్స్ పక్షమున ఆడిన ఆల్ జరిల్లాయే ఇపుడు వారి బంతులను దూరముగా తరిమెను. బ్రౌన్స్ నాలుగు పరుగులు మాత్రమే చేయగా, రెడ్‌సాక్స్ 29 పరుగులు చేసెను. 1901 తరువాత పెద్ద జట్ల ఆటలలో అంతవరకు ఏ జట్టును అన్ని పరుగులు చేసియుండలేదు. సొంత మైదానమున రెండవసారిగా బ్యాటు పట్టు జట్టు ముందంజలో నున్నచో తొమ్మిదవ వంతు ఆడ నవసరము లేదు. కావున ఆ 29 పరుగులును ఎనిమిది వంతులలో వచ్చినవే. బ్రౌన్స్ మాత్రము గెలుపు కలలోని మాట యని తెలిసియు తమ తొమ్మిదవ వంతును కూడ ఆడి ముగించిరి.

చెరువు నిండిన పిమ్మట వచ్చిన నీరు అలుగు పారి పోవును. ఆనాటి పరుగులలో పెక్కు అట్టివే. గెలుపునకు అయిదు పరుగులు చాలును. మిగిలిన 24 పరుగులను మరునాటికి దాచుకొనుటకు వీలులేదు. ఆ యేడు ప్రతి జట్టునకును నిర్ణయింపబడిన ఆటలు 154. ఒక్క పరుగు తేడాతో గెలిచినను, 25 పరుగుల తేడాతో గెలిచినను పట్టికలో చేరునది ఒక్క విజయమే.

ఆ నెలలోనే రెడ్‌సాక్స్ నిర్వాహకుడు జో మెకార్తీ పదవిని విడిచెను. జులైలో టెడ్ విలియమ్స్ వేరొక ఆటలో బంతిని పట్టబోయి గోడకు తగిలి మోచేయి విరుగగొట్టుకొని, దాదాపు రెండు నెలలు ఆటకు దూరమయ్యెను. అయినను రెడ్‌సాక్స్ ఆ యేట మొత్తము 1027 పరుగులు చేసెను. న్యూయార్క్ యాంకీస్ చేసినవి 914 మాత్రమే. కాని ప్రథమ స్థానము యాంకీస్‌దే. రెడ్‌సాక్స్ 94 ఆటలు గెలిచి మూడవ స్థానమున నిలిచెను. పరుగులు చేయుటలో వారు చూపిన నేర్పు, ఎదిరి పరుగులను అడ్డగించుటలో కానరాలేదు.

మరి బ్రౌన్స్? ఎనిమిది జట్లలో వారిది ఏడవ స్థానము. అంతటి ఘోర పరాజయమును చవిచూచినవారు సైతము ఆ యేడు 58 ఆటలు గెలిచిరి. వానిలో ప్రతి ఒక్కటియు పట్టికలో రెడ్‌సాక్స్ వారి మహావిజయముతో సమానమే. 1954లో ఆ జట్టు బాల్టిమోర్ నగరమునకు తరలి ఓరియోల్స్ అను పేరు దాల్చెను. 29 పరుగుల ఘనతను 1955లో షికాగో వైట్‌సాక్స్ అందుకొనగా, 2007 ఆగస్టు 22న టెక్సాస్ రేంజర్స్ 30 పరుగులతో దానిని దాటెను. ఆనాడు ఓడినదియు ఓరియోల్సే.

ఒకనాటి కుంభవృష్టి కంటె అదనున కురిసిన చిరుజల్లులే పైరును పండించును. ఒకనాటి గెలుపును చూచి పొంగువాడును, ఒకనాటి ఓటమికి క్రుంగువాడును ఇంకను ఆడవలసిన ఆటలు గలవని మరువరాదు.